ప్రమోటర్‌కు 68 శాతం వాటా ఉంటే చిన్న వాటాదారుడి ఓటుకు విలువ ఉంటుందా?

మీ దగ్గర ఒక మిడ్‌క్యాప్, అంటే మధ్యస్థాయి, కంపెనీ షేర్లు ఉన్నాయి. అందులో ప్రమోటర్ కుటుంబం, అంటే కంపెనీని తమ అదుపులో ఉంచుకున్నవాళ్ల, వాటా 68 శాతం. ఆ కుటుంబానికే చెందిన ఇంకో కంపెనీతో పెద్ద లావాదేవీకి అనుమతి కోరుతూ ఏజీఎం (వాటాదారుల వార్షిక సభ) నోటీసు వచ్చింది. మీరు ఓటేసినా వేయకపోయినా ఒకటేనా, కార్పొరేట్ గవర్నెన్స్ అంతా కాగితాల మీదేనా అని అడిగారు.

ఒకటి కాదు. ముఖ్యంగా ఈ తీర్మానం విషయంలో అస్సలు కాదు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం సంబంధిత పక్షంతో, అంటే ప్రమోటర్లతో ముడిపడిన వ్యక్తితోనో కంపెనీతోనో, జరిగే పెద్ద లావాదేవీకి అనుకూలంగా ప్రమోటర్లు ఓటు వేయడానికి వీల్లేదు. అంటే ఆ 68 శాతం పక్కకు పోతుంది. మిగిలిన 32 శాతంలో ఎవరు ఓటేస్తే వాళ్ల మాటే చెల్లుతుంది. వాళ్లలో చాలామంది అసలు నోటీసే తెరవరు కాబట్టి, వేసిన ప్రతి ఓటు బరువూ మీరు అనుకున్న దానికంటే ఎక్కువ.

నేను హైదరాబాద్‌లో ఒక లిస్టెడ్ తయారీ కంపెనీ సెక్రటేరియల్ విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. బోర్డు అజెండాలు, మినిట్స్, ఏజీఎం నోటీసులు, స్టాక్ ఎక్స్ఛేంజీలకు పంపే ఫైలింగులు, అన్నీ మా చేతుల మీదుగానే వెళ్లేవి. అందుకే ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాను.

అమెరికా, బ్రిటన్‌ల పెద్ద కంపెనీల్లో వాటాలు చాలామంది చేతుల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. అక్కడి భయం జీతానికి పనిచేసే సీఈవో యజమానుల మాట వినడేమోనని. మన దగ్గర కథ వేరు. చాలా లిస్టెడ్ కంపెనీల వెనుక ఒక కుటుంబమో, ప్రభుత్వమో, విదేశీ మాతృసంస్థో ఉంటుంది. డైరెక్టర్లు ఎవరన్నది వాళ్ల ఓటే తేలుస్తుంది. కాబట్టి ఇక్కడ అసలు ప్రమాదం లిస్టెడ్ కంపెనీ డబ్బు అదే కుటుంబం సొంతంగా నడిపే వేరే కంపెనీలోకి జారిపోవడం. అద్దె, అప్పు, గ్యారంటీ, రాయల్టీ (బ్రాండు, టెక్నాలజీ వాడుకున్నందుకు కట్టే సొమ్ము), భూమి కొనుగోలు, ఏ పేరుతోనైనా అది జరగొచ్చు.

హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. కానీ దాన్ని లెక్కల మోసంగానే గుర్తుపెట్టుకుంటాం. ఆ మోసం బయటపడడానికి మూడు వారాల ముందు జరిగింది మీ ప్రశ్నకు ఇంకా దగ్గర. 2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు సమావేశమై, కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు కుమారుల ఆధ్వర్యంలోని మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని, మొత్తం 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదించింది. వాటాదారులను అడగలేదు. ఆ బోర్డులో ఉన్నవాళ్లు చిన్నవాళ్లు కాదు. హార్వర్డ్ ప్రొఫెసర్, హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్, మాజీ కేబినెట్ కార్యదర్శి, ఐఐటీ ఢిల్లీ మాజీ డైరెక్టర్. కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కు గాను గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. అయినా ఆ ఒప్పందాన్ని ఆపింది బోర్డు కాదు. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడిపోయి, పెద్ద మదుపరులు తిరగబడితే గంటల వ్యవధిలో వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత 2009 జనవరి 7న మోసాన్ని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ వచ్చింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఉంది. మేటాస్ ఒప్పందం ఆ లేని ఆస్తుల చోట నిజమైన ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమని రాజు ఆ లేఖలోనే రాశారు. ఆ ఒక్క రోజే షేరు 75 శాతానికి పైగా పడింది.

అప్పట్లో నేను సీఎస్ (కంపెనీ సెక్రటరీ) కోర్సు చదువుతున్నాను. తెలిసినవాళ్లలో సత్యం ఉద్యోగులు ఉన్నారు, రిటైర్మెంట్ డబ్బు ఆ షేర్లలో పెట్టినవాళ్లూ ఉన్నారు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ తర్వాత జరిగింది. అమెరికాలో సత్యం షేర్లు కొన్నవాళ్లు అక్కడి కోర్టులో కలిసి దావా వేశారు. 2011లో కంపెనీ వాళ్లకు 12.5 కోట్ల డాలర్లు, ఆడిట్ సంస్థ 2.55 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నాయి. అదే మోసానికి బలైన ఇక్కడి చిన్న వాటాదారుకు అలా కలిసికట్టుగా నష్టపరిహారం అడిగే దారి మన కంపెనీల చట్టంలో అప్పటికి లేదు. 2013 చట్టంలో సెక్షన్ 245 కింద ఆ దారి పెట్టారు, 2016లో అమల్లోకి వచ్చింది. కానీ ఖర్చు, కాలయాపన చూసి దాని జోలికి వెళ్లేవాళ్లు చాలా తక్కువ. సత్యం క్రిమినల్ కేసులో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికే 2015 ఏప్రిల్ దాకా పట్టింది.

అందుకే నష్టం జరిగాక కోర్టుకు వెళ్దాంలే అన్న ధీమా మన దేశంలో చిన్న మదుపరికి పనికిరాదు. జరగకముందే అడ్డుకునే అవకాశం ఎక్కడుందో అక్కడే చూడాలి. అది మీకు వచ్చిన ఆ నోటీసులోనే ఉంది.

ఈ ఓటుతో నిజంగా ఏమైనా ఆగిందా అంటే, ఆగింది. 2017లో రేమండ్ కంపెనీ ముంబైలోని జేకే హౌస్‌లో ఇళ్లను మార్కెట్ ధరకంటే బాగా తక్కువకు ప్రమోటర్ కుటుంబ సభ్యులకు అమ్మే ప్రతిపాదన వాటాదారుల ముందుకు వచ్చింది. ఓటేసినవాళ్లలో 97 శాతానికి పైగా వద్దన్నారు. 2024లో నెస్లే ఇండియా తన స్విస్ మాతృసంస్థకు ఇచ్చే రాయల్టీని అమ్మకాల్లో 4.5 శాతం నుంచి ఏటా కొంచెం పెంచుతూ ఐదేళ్లలో 5.25 శాతానికి తీసుకెళ్తామంది. మాతృసంస్థకు 60 శాతానికి పైగా వాటా ఉన్నా ఓటు లేదు. మిగతావాళ్లలో 57 శాతం వ్యతిరేకించారు, తీర్మానం వీగిపోయింది. ఫండ్లు, బీమా సంస్థలు ఓటెయ్యబట్టే ఇవి సాధ్యమయ్యాయి, నిజమే. మ్యూచువల్ ఫండ్లు ఓటు వేయడం సెబీ తప్పనిసరి చేసింది కూడా. కానీ ఫండ్లు పెద్దగా లేని మిడ్‌క్యాప్, స్మాల్‌క్యాప్ కంపెనీల్లో ఆ లోటు పూడ్చాల్సింది మీలాంటి వాళ్లే.

మరి స్వతంత్ర డైరెక్టర్లు, అంటే ప్రమోటర్‌తో సంబంధం లేకుండా బోర్డులో కూర్చునేవాళ్లు, ఉన్నది దేనికి అంటారా? నేను దగ్గరగా చూసిన ఒక సంగతి చెబుతాను. మా కంపెనీ ఆఫీసు ఉన్న భవనం ప్రమోటర్ కుటుంబ సభ్యురాలిది. అద్దె పెంపు, బోర్డులో లెక్కలు చూసే ఆడిట్ కమిటీ అజెండాలో చివరి అంశంగా వచ్చింది. మామూలుగా అలాంటివి చదివి, ఆమోదించి, టీ తాగి లేస్తారు. ఆ రోజు ఒక స్వతంత్ర డైరెక్టర్, రిటైరైన బ్యాంకు అధికారి, “ఇదే రోడ్డులో పక్క భవనం చదరపు అడుగు ఎంతకు పోతోంది?” అని అడిగారు. జవాబు ఎవరి దగ్గరా లేదు. అంశం వాయిదా పడింది. తర్వాతి సమావేశానికి వాల్యుయర్ రిపోర్టు తెప్పిస్తే పెంపు సగానికి సగం తగ్గింది. ఒక్క ప్రశ్న చేసిన పని అది. అయితే ఆయన మొదటి పదవీకాలం ముగిశాక రెండోసారి ఆయన పేరు ప్రతిపాదనకు రాలేదు. కారణం ఎక్కడా రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు.

మన వ్యవస్థలో మెత్తని చోటు ఇదే అని నా గట్టి అభిప్రాయం. ప్రమోటర్‌ను ప్రశ్నించాల్సిన మనిషిని ఎంచుకునేది ప్రమోటరే. 2022 నుంచి లిస్టెడ్ కంపెనీలో స్వతంత్ర డైరెక్టర్ నియామకానికి ప్రత్యేక తీర్మానం, అంటే పోలైన ఓట్లలో 75 శాతం కావాలి (అది రాకపోయినా మొత్తం ఓట్లలోనూ, ప్రమోటర్లు కాని వాటాదారుల ఓట్లలోనూ సగానికి పైగా అనుకూలమైతే చాలన్న వెసులుబాటు అదే ఏడాది నవంబరులో వచ్చింది). మంచిదే. కానీ అందులో ప్రమోటర్ ఓట్లూ కలుస్తాయి. మీ కంపెనీలో 68 శాతం ముందే చేతిలో ఉన్నవాళ్లకు ఆ 75 ఎంత దూరం? ఈ నియామకంలో కూడా ప్రమోటర్ ఓటును పక్కన పెట్టనంత కాలం, నిలదీసేవాడికి రెండో అవకాశం దొరకడం అవతలివాళ్ల దయ మీదే ఉంటుంది.

ఇక మీ నోటీసు దగ్గరికి వద్దాం. తీర్మానం రెండు మూడు పంక్తులే ఉంటుంది, దాన్ని చూసి వదిలేయకండి. దాని వెనుక వివరణ ప్రకటన ఉంటుంది, అసలు సరుకు అక్కడే. ఎవరితో లావాదేవీ, ఎంత, ఎన్నేళ్లకు, ధర ఎలా నిర్ణయించారు, ఎందుకు కంపెనీకి లాభం అని రాయాలి. “సాధారణ వ్యాపార క్రమంలో, మార్కెట్ ధరకే” అన్న మాట ఉండి, ఆ మార్కెట్ ధర ఎంతో, ఎవరు తేల్చారో లేకపోతే నా ఓటైతే వ్యతిరేకమే. అది అప్పో గ్యారంటీయో అయితే ఇంకా జాగ్రత్త. వడ్డీ ఎంత, తీసుకునే కంపెనీకి తీర్చే స్తోమత ఉందా అన్నవి చూడండి. తర్వాత యాన్యువల్ రిపోర్టులో సంబంధిత పక్షాల లావాదేవీల నోట్ తీసి, అదే కంపెనీ పేరు గత రెండు మూడేళ్లలో ఎలా పెరుగుతూ వచ్చిందో పోల్చండి. ఏటా అడ్వాన్సు ఇస్తూ, వెనక్కి వచ్చింది ఏమీ కనిపించకపోతే మీకు వేరే రుజువు అక్కర్లేదు.

అలాగే ప్రమోటర్ షేర్లలో ఎంత భాగం తాకట్టులో ఉందో మూడు నెలలకోసారి వచ్చే షేర్‌హోల్డింగ్ పట్టికలో చూడండి. సత్యం బయటపడ్డాకే, 2009 జనవరిలో, ఈ వివరం వెల్లడించడం సెబీ తప్పనిసరి చేసింది. తాకట్టు పెరుగుతున్న కుటుంబానికి లిస్టెడ్ కంపెనీ నగదు మీద కన్ను పడే అవకాశం ఎక్కువ. ఆడిటర్ పదవీకాలం మధ్యలో తప్పుకుంటే ఆ రాజీనామా లేఖ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, తప్పక చదవండి.

ఏజీఎంలో ప్రశ్న అడగాలనుకుంటే స్పీకర్‌గా ముందే నమోదు చేసుకోవాలి, ఎలా అన్నది నోటీసులోనే ఉంటుంది. చాలా కంపెనీలు వీడియో ద్వారా జరుపుతున్నాయి కాబట్టి ముంబై దాకా వెళ్లక్కర్లేదు. మైకు దొరికిన నాలుగు నిమిషాలూ ఛైర్మన్‌ను పొగిడి బోనస్ షేర్లు అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. మీరు పేజీ నంబరు, నోట్ నంబరు, మొత్తం రాసి ముందుగా ఈమెయిల్ పంపండి. అలాంటి ప్రశ్న వస్తే మా ఆఫీసులో సీఎఫ్‌వో (ఆర్థిక విభాగాధిపతి) దాకా ఫైలు కదిలేది, జవాబులోని ప్రతి అంకె సరిచూసుకున్నాకే సభకు వెళ్లేవాళ్లు.

సభ అయ్యాక రెండు పనిదినాల్లో ఓటింగ్ ఫలితాలు ఎక్స్ఛేంజీకి పంపుతారు. ప్రమోటర్లు, సంస్థాగత వాటాదారులు, మిగతా ప్రజలు అని మూడు వరుసలు ఉంటాయి. ప్రమోటర్ ఓటేసే వీలున్న మామూలు తీర్మానాలు దాదాపు అన్నీ నెగ్గుతాయి, నెగ్గాయా లేదా అన్నది చూడటం వల్ల ఉపయోగం లేదు. రెండో వరుసలో వ్యతిరేక ఓట్లు సగం దాటాయా అన్నది చూడండి. దాటితే, పెద్ద మదుపరులు ఆ కంపెనీ గురించి ఏమనుకుంటున్నారో మీకు ఉచితంగా తెలిసినట్టే. మూడో వరుసలో పోలైన శాతం చాలా కంపెనీల్లో చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఓటు వేయడానికి మీ డీమ్యాట్ ఖాతా, షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే రెండు సంస్థల్లో దేనిలో, అంటే ఎన్‌ఎస్‌డీఎల్‌లో ఉందో సీడీఎస్‌ఎల్‌లో ఉందో చూసుకుని, ఆ సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయితే సరిపోతుంది. నోటీసులో రాసిన కటాఫ్ తేదీన షేర్లు మీ ఖాతాలో ఉండాలి. ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉంచి, సభకు ముందు రోజు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. చివరి గంటలో ఓటీపీ రాక ఇబ్బంది పడినవాళ్ల ఫోన్లు మాకు చాలా వచ్చేవి, కాబట్టి మొదటి రోజే వేసేయండి.

తీర్మానం ప్రమోటర్ ఓటు లేకుండా జరగాల్సిందే అయినా, ఫలితాల పట్టికలో మొదటి వరుసలో అనుకూల ఓట్లు లెక్కించినట్టు కనిపిస్తే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఆ పట్టిక జతచేసి ఫిర్యాదు పెట్టండి. రుసుము ఏమీ ఉండదు. మీ నోటీసులోని వివరణ ప్రకటనను కంపెనీ పేరు తీసేసి ఇక్కడ పెడితే, అందులో ఏం లేదో చూసి చెబుతాను.