ఉదయగిరి చీకట్లో పాలపుంత ఎందుకు కనిపించలేదంటే

సంక్రాంతి సెలవుల్లో ఉదయగిరి దగ్గర పొలంలో రాత్రి ఎనిమిదింటికి నిలబడ్డా పాలపుంత కనిపించలేదన్నారు. లోపం మీ కళ్లది కాదు, నెలది.

ధనుర్మాసం అంటే సూర్యుడు ధనుస్సు రాశిలో ఉండే కాలం. పాలపుంతలో దట్టంగా వెలిగే నడిభాగం కూడా అటువైపే ఉంటుంది. కాబట్టి సంక్రాంతి రోజుల్లో అది పొద్దు కంటే ముందే అస్తమిస్తుంది. అప్పుడు ఆకాశంలో ఉండేది పలచని భాగం, అలవాటు లేని కంటికి దొరకడం కష్టం.

ఉగాది ముందు అమావాస్యకి మళ్లీ వెళ్లండి. తెల్లవారుజామున నాలుగింటికి దక్షిణ దిక్కు చూడండి. ఎర్రగా మెరిసే జ్యేష్ఠ నక్షత్రం, దాని కింద వంకర తిరిగిన తేలు (వృశ్చిక రాశి) తోక, తోక చివర మూల నక్షత్రం. ఆ కొనకి ఎడమ పక్కన లేత పొగలా పరుచుకున్నదే మీరు వెతికేది. మబ్బు కాదు, కదలదు! నిద్ర మానుకుని చూడదగ్గ దృశ్యం అది.

ఊరికి దక్షిణంగా వెళ్లి కూర్చుంటే వీధి దీపాలు వెనకపడతాయి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది, ఆలోపు ఒక్కసారి ఫోన్ వెలిగించినా మళ్లీ మొదటికే. టార్చ్‌కి ఎర్ర కవర్ చుట్టండి. ఫోటోకైతే ఫోన్‌ని రాయికి ఆనించి, కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 15 సెకన్లు, ఐఎస్ఓ (వెలుగుని పట్టే స్థాయి) 3200 పెట్టి చూడండి. బూట్లు మాత్రం తప్పనిసరి, గట్ల మీద పాములుంటాయి.