ఏజెన్సీలో ఏకోపాధ్యాయ బడి, మొదటి పోస్టింగ్: ఊరివాళ్ల సాయం ఎలా తీసుకోవాలి?

తమ్ముడూ, మెగా డీఎస్సీలో ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు పోస్టు, వచ్చింది, చింతూరు అవతల కోయగూడెంలో ఐదు తరగతులకూ నువ్వొక్కడివే, ఊరిపెద్దలు వచ్చి "బడికేం కావాలో చెప్పు సారూ" అన్నారు, ఫ్యాన్లు అడగాలా రంగులు వేయించమనాలా అని రాశావు. చివర్లో "అసలు ఈ పిల్లలకు పాఠం చెప్పడమే నాకు రావట్లేదు" అని ఒక ముక్క వదిలావు. నేను దానికే జవాబు చెప్తా. ఫ్యాన్ల సంగతి తర్వాత.

నాది 2008 డీఎస్సీ. మొదటి పోస్టింగ్ అటువైపే, అప్పుడది ఖమ్మం జిల్లా. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అన్న 2000 నాటి జీవో 3 నడుస్తున్న రోజులు. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నేను లంబాడీని కాబట్టి కాగితం మీద "స్థానిక గిరిజన టీచరు"నే. కానీ మా తండాలో మాట్లాడేది గోర్ బోలి, ఆ గూడెంలో కోయ. అంటే మొదటిరోజు నా పరిస్థితి నీకన్నా ఏం మెరుగు కాదు.

మొదటి వారం. ఒకటో తరగతి పిల్లాడు లేచి నిలబడి "ఏరు, ఏరు" అంటాడు. బడి వెనకే వాగు, వానాకాలం, నిండుగా పోతోంది. "ఏటి దగ్గరికి పోవద్దు, కూర్చో" అన్నా. మళ్లీ లేచాడు. మళ్లీ కూర్చోబెట్టా. మూడోసారి గట్టిగా అరిచేసరికి ఏడుపందుకున్నాడు. అప్పుడు నాలుగో తరగతి పిల్ల ఒకతి నన్నొక చూపు చూసి, లేచెళ్లి బిందెలోంచి గ్లాసుడు నీళ్లు ముంచుకొచ్చి వాడికిచ్చింది. కోయలో ఏరు అంటే నీళ్లట. రెండేళ్ల డీఎడ్‌లో పాఠ్యపథకాలు రంగు పెన్నులతో గీయడం నేర్పారు గానీ, ఇలాంటిదొకటి ఎదురవుతుందని ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం బోరింగు దగ్గర ఆడవాళ్లకు ఈ సంగతి చెప్తే కడుపు పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి వాళ్లకు నేనొక కాలక్షేపం. బిందె చూపించి, కోడిని చూపించి, "ఇదేంది టీచరమ్మా?" అని కోయలో చెప్పమనేవాళ్లు. తప్పు చెప్తే మళ్లీ నవ్వు. అందరి ముందు జవాబు రాక నిలబడితే ఒకటో తరగతి పిల్లకు ఎలా ఉంటుందో నాకక్కడ అర్థమైంది.

అసలు గురువు మాత్రం మా బడి విద్యా వలంటీరు. ఆ ఊరి అమ్మాయే, ఇంటర్ పాసైంది. నేను చేసిన పెద్ద పొరపాటు, మొదట్లో ఆమెకు మధ్యాహ్న భోజనం రిజిస్టరు, చిన్నపిల్లల ముక్కులు తుడిచే పని అప్పజెప్పడం. ఒకరోజు జ్వరమొచ్చి ఆలస్యంగా వెళ్లా. కిటికీలోంచి చూస్తే, నా దగ్గర నోరే విప్పని ఒకటో తరగతి ఆమె చుట్టూ చేరి గోలగోల. కథ కోయలో మొదలుపెట్టి, మధ్యమధ్య ఒక్కో తెలుగు మాట వేసి, అదే మాట మళ్లీ పలికిస్తోంది. మర్నాటి నుంచి మొదటి గంట ఆమెది. నేను నోటుబుక్కు పట్టుకుని పిల్లల మధ్య కూర్చునేదాన్ని. 2004లో మొదలైన బహుభాషా విద్య కింద కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలొచ్చాయి, లిపి తెలుగే. మా బడిలో అవి ఇనప్పెట్టె అడుగున చెదలు పట్టకుండా మిగిలాయి. తీసి దులిపింది కూడా ఆమే.

ఆమె గౌరవ వేతనం నెలల తరబడి రాకపోతే ఊరివాళ్లు ఇంటికిన్ని వడ్లు వేసి నిలబెట్టుకున్నారు. దీన్ని నేను ఊరి గొప్పతనంగా చెప్పుకోను. జీతం ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వకపోతే లేనివాళ్లు తమ గింజలు తీసిచ్చారు, అంతే.

మార్చిలో ఇంకో దెబ్బ. ఒంటిపూట బడులు మొదలయ్యాయి, ఇరవై ముగ్గురిలో తొమ్మిది మందే వస్తున్నారు. కోపంగా ఇళ్లకు వెళ్తే ఇళ్లల్లో మనుషులే లేరు. ఇప్పపూలు. తెల్లవారుజామున రాలతాయి, ఎండెక్కేలోపు ఏరాలి. ఎనిమిదింటికి బడంటే ఎట్లా అన్నాడు పటేలు. చివరికి పెద్దపిల్లలు తొమ్మిదింటికల్లా వస్తారని మాట ఇచ్చాడు, ఆ గంట చిన్నవాళ్లను నేను చదివించుకునేదాన్ని. ఒక అవ్వ సోల, తవ్వ, మానిక తెచ్చి బడి వరండాలో పూలు కొలిచింది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. సగం, పావు అని నేను రెండు వారాలు బోర్డు మీద గుండ్రాలు గీసినా ఎక్కనిది, ఆ పూటే మూడో తరగతి వాళ్లు కూడా చెప్పేశారు.

అయితే ఊరు అన్నీ నేర్పలేదు. ఒకే గదిలో ఐదు తరగతులు నడపడం నేర్పింది పక్క ఊరి సీనియర్ సారు. చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో లెక్కలు, ఫారాలతోనే సరిపోయేది, ఆ తర్వాత టీ కొట్టు దగ్గర ఆయన్ని పట్టుకునేదాన్ని. ఒకపూట వచ్చి నా క్లాసులో మౌనంగా కూర్చుని, "గంటలో నలభై నిమిషాలు నువ్వే మాట్లాడావమ్మా" అన్నాడు. ఒకటి, రెండు కలిపి ఒక గుంపు, మూడు నుంచి ఐదు ఇంకో గుంపు, ఒకరికి చెప్తుంటే ఇంకొకరికి చేతిలో పని. ఇది కుదరడానికి నాకు ఏడాది పట్టింది. అలాంటి మనిషిని ఒకరిని మీ మండలంలో వెతుక్కో.

విద్యా కమిటీ విషయంలో నాలా చేయకు. మొదటి ఏడాది తీర్మానాలు నేనే రాసుకుని ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు తెచ్చుకున్నా. విద్యాహక్కు చట్టం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్లుండాలంది. పనులయ్యాక సాయంత్రం చెట్టుకింద పెట్టు. వారానికొకరు గంటసేపు క్లాసులో కూర్చుని, నువ్వు చెప్పేది పిల్లలకు ఎక్కడ తెగిపోతోందో చెప్పమను. మొదట మొహమాటపడతారు. తెలుగూ కోయా వచ్చిన అమ్మాయి ఊళ్లో ఎవరైనా ఉంటే ఆమెను బడికి తీసుకురమ్మను. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని అదే చట్టంలో ఉంది. రెండో పోస్టు కోసం తీర్మానం రాసి, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్ రోజున కమిటీ వాళ్లనే పట్టుకెళ్లమను. నువ్వొక్కడివే వెళ్తే అర్జీ, నలుగురు తల్లులు వెళ్తే కాస్త తల ఎత్తి చూస్తారు.

అన్నట్టు ఫ్యాన్లు. కొనిపించే ముందు కరెంటు ఎన్ని గంటలుంటుందో కనుక్కో. మా బడికి ఎవరో దాత ఇచ్చిన రెండు ఫ్యాన్లు నాకు బదిలీ అయ్యేదాకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, మధ్యాహ్నం పిల్లలు వాటిమీద పలకలు ఆరబెట్టుకునేవాళ్లు.