సమాధానం: జీతం సగమైనప్పుడు నిద్ర పట్టాలంటే

జీతం సగమైందని, అప్పు వాయిదాల బెంగతో నిద్ర పట్టడం లేదని, ఇంట్లో ఇంకా చెప్పలేదని రాశారు. ఆ దశ నేనూ దాటాను.

ముందు లెక్కంతా కాగితం మీద పెట్టండి: చేతిలో ఎంత ఉంది, తప్పనిసరి ఖర్చు ఎంత, ఎన్ని నెలలు నెట్టుకురావచ్చు. నా బుర్రలో తిరిగిన లోటు అంకె కన్నా కాగితం మీద తేలింది చిన్నదే. అయితే ఆ పని పగలే చేయండి, పడుకునే ముందు వద్దు. వాయిదా తప్పకముందే అప్పిచ్చినవారితో మాట్లాడి గడువు అడగండి.

ఇక ఇంట్లో చెప్పకపోవడం. నేను నాలుగు నెలలు దాచాను. తెలిసిన రోజు మా ఆవిడ కోప్పడింది, డబ్బు తగ్గినందుకు కాదు, దాచినందుకు. ఆ రాత్రే హాయిగా నిద్రపోయాను.

“ధైర్యంగా ఉండండి” అన్న మాట నాకు అప్పట్లో చిరాకు తెప్పించేది, అందుకే మీకు చెప్పను. సాయంత్రం అరగంట నడవండి, దానికి ఖర్చు లేదు.