గరిమా? గురుత్వమా?

సందేహం: శీతల పరమాణువులతో అంతరిక్షంలో గురుత్వం కొలుస్తున్నారని ఒక వ్యాసంలో చదివాను. అందులోనే 'గురుత్వం లేని అంతరిక్షం' అనీ ఉంది. లేనిదాన్ని ఎలా కొలుస్తారు? మా చదువుల రోజుల్లో, వస్తువు బరువంతా చేరినట్టుండే బిందువును 'గరిమనాభి' అనేవాళ్లం. గరిమ, గురుత్వం ఒకటేనా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: ఒకటే. రెండూ 'గురు' శబ్దం పిల్లలే. గురువంటే బరువైనది. పాఠం చెప్పే గురువుకూ, ఛందస్సులో గురువుకూ ఆ పేరు అందుకే వచ్చింది. 'త్వ' చేరితే గురుత్వం. 'ఇమ' చేరితే మాత్రం, పాణిని చెప్పినట్టు, 'గురు' కాస్తా 'గర్' అయిపోయి గరిమ అవుతుంది. 'ఇష్ఠ' చేరినా అంతే: గరిష్ఠం, అన్నిటికన్నా బరువైనది. మే నెలలో మన విశాఖ 'గరిష్ఠ ఉష్ణోగ్రత' చదివేటప్పుడు ఈ చుట్టరికం ఎవరికి గుర్తొస్తుంది? పైగా టవత్తుతో 'గరిష్ట' అని అచ్చేస్తున్నారు. అది తప్పు, ఎంతమంది రాసినా తప్పే. అష్టసిద్ధుల్లో గరిమ ఉంది, అణువంత అయిపోయే అణిమా ఉంది. పరమాణువుతో బరువు సంగతి తేల్చే ఈ విద్యకు ఆ రెండు మాటలూ అతుకుతాయి. గరిమకు గొప్పతనమనే అర్థమూ ఉంది.

ఇక 'గురుత్వం లేని అంతరిక్షం'. ఆ మాట రాయకూడదు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గర కూడా భూమి ఆకర్షణ నేలమీది దానిలో దాదాపు 90 శాతం. కేంద్రమూ, లోపలి మనుషులూ కలిసే పడుతుంటారు కాబట్టి బరువు తెలియదు. 'భారరహిత స్థితి' అంటే సరిపోతుంది.

ఆ స్థితే ఇక్కడ అక్కరకొస్తుంది. నాసా 2018లో అక్కడికి పంపిన కోల్డ్ ఆటమ్ ల్యాబ్‌లో రుబీడియం అనే లోహపు పరమాణువులను, అంతకు మించిన చల్లదనం ఉండని పరమశూన్య ఉష్ణోగ్రతకు దగ్గరదాకా చల్లబరుస్తారు. అంత చలిలో పరమాణువు అలలా నడుచుకుంటుంది. లేజర్ తాకితే ఒక్కో పరమాణువు తాలూకు అల రెండు దారుల్లో చీలి, మళ్లీ కలుస్తుంది. కలిసినప్పుడు అలల మధ్య కనబడే తేడాయే కొలత. చీలికకూ కలయికకూ నడుమ సమయం రెట్టింపైతే గురుత్వం జాడ నాలుగింతలవుతుంది. నేలమీద పరమాణువులు చప్పున కిందపడతాయి. అక్కడ పరికరంతోపాటే పడతాయి కనుక సమయం చిక్కుతుంది. అయితే, కలిసి పడేచోట మొత్తం గురుత్వం తెలియదు. రెండుచోట్ల పరమాణువుల గుంపులను పోల్చి, గురుత్వంలో తేడాను పట్టుకోవాలి. మన విశాఖ బీచ్ రోడ్డు నుంచి కైలాసగిరి కొండ ఎక్కితే గురుత్వం తగ్గేది రవ్వంతే. నేలమీద వాడే ఈ జాతి పరికరాలు దాన్నీ పసిగడతాయి.

పాఠ్యపుస్తకాల్లో గురుత్వమే స్థిరపడింది, కాదనను. సమాసం కట్టాల్సివస్తే 'గరిమమాపకం' నాకు ఇష్టం. 'గురుత్వమాపకం' అన్నా ఒప్పుకుంటాను. 'గురుత్వమాపక పరికరం' అని మాత్రం రాయకండి, మాపకమంటేనే కొలిచే పరికరం.