ఓయికావా ఓడిపోయిన పాత్ర అనేవాళ్లకు ఏం చెప్పాలి?

వాలీబాల్ మాంగా (జపనీస్ కామిక్) 'హైక్యూ'లో సెట్టర్ (తోటి ఆటగాళ్లు కొట్టేందుకు బంతి లేపేవాడు) ఓయికావా ఒక్కసారి కూడా నేషనల్స్‌కు వెళ్లలేదు, మిడిల్ స్కూల్లో తన జూనియర్ అయిన సెట్టర్ కగేయామా ముందు తేలిపోయాడని మీ ఫ్రెండ్స్ అంటున్నారని రాశారు. కగేయామా ఆడే కరాసునో జట్టుతో హైస్కూల్లో ఓయికావా ఆఖరి మ్యాచ్ మళ్లీ చదివించండి. కోర్టు బయటికి పరుగెత్తి, అంత దూరం నుంచి తన జట్టు స్పైకర్ (బంతిని గట్టిగా కొట్టేవాడు) ఇవాయిజుమికి సరిగ్గా అందేలా బంతి లేపుతాడు! స్పైకర్ ఎవరైనా వాళ్ల పూర్తి బలాన్ని బయటికి తీయడమే అతని ఆట. మిడిల్ స్కూల్లో కగేయామాకు రానిది అదే. అందుకే అప్పుడు కగేయామా వేసిన బంతికి ఒక్కరూ ఎగరలేదు.

ఓయికావాకు జూనియర్ కగేయామా మీద చెయ్యెత్తబోయిన మచ్చ ఉంది, అది దాచకండి. కానీ కథ హైస్కూల్‌తో ఆగలేదు కదా. చివరిదైన 402వ అధ్యాయంలో అర్జెంటీనా సెట్టర్‌గా జపాన్‌కు ఎదురు నిలబడ్డాడు. ఆ పేజీ దగ్గర నాకు కళ్లు చెమర్చాయి.