ఎనిమిదో పాసేజ్‌కి కండరం ఏమైంది?

ప్రశ్న: ఎలుక బృహద్ధమని నుంచి తీసిన నునుపు కండర కణాలను పెంచుతున్నాను (ఫ్లాస్కు నిండినప్పుడల్లా కొత్త ఫ్లాస్కుకు మార్చడమే పాసేజ్). మూడో పాసేజ్‌లో సంకోచ ప్రోటీన్లయిన ఆల్ఫా యాక్టిన్, కాల్పోనిన్ బాగా కనిపించాయి. ఎనిమిదికి వచ్చేసరికి కణాలు వెడల్పుగా పరుచుకున్నాయి, ఆ రెండూ పడిపోయాయి. వేరే కణాలు కలిశాయా? చెన్నైలో నా స్నేహితురాలి దగ్గర ఇవే కణాలు, ఇదే మీడియంలో (పోషక ద్రవంలో) బాగానే ఉన్నాయి.
– పరిశోధక విద్యార్థిని, యలహంక, బెంగళూరు

జవాబు: ధమని బయటి పొర పూర్తిగా ఒలవకపోతే ఫైబ్రోబ్లాస్టులు అనే సంధాయక కణజాల కణాలు చొరబడతాయి, నిజమే. కానీ మీరు చెప్పినది జరగడానికి అవేమీ అక్కర్లేదు. ఈ కణం గుండె కండరంలా ఒక్క పనికి కట్టుబడదు. సంకోచించడం ఒక పని, విభజన చెంది గాయం పూడ్చడం ఇంకో పని. చుట్టూ ఏముందో చూసి అటో ఇటో మారుతుంది.

మీ ఫ్లాస్కులో ఏముంది? సీరం అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం. గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు పీడీజీఎఫ్ అనే వృద్ధి కారకాన్ని వదులుతాయి. ధమని కండర కణాలను విభజనకు పురికొల్పేది ప్లేట్‌లెట్ల నుంచి సీరంలోకి వచ్చే అంశమేనని 1974లో రస్సెల్ రాస్ బృందం చూపింది. 10 శాతం సీరం పోసిన ప్రతిసారీ నాళం తెగిందని కణానికి కబురు పంపుతున్నట్టే. దానికి తోడు అడుగున ప్లాస్టిక్. ధమని గోడ బిగువును కిలోపాస్కళ్లలో కొలిస్తే పాలిస్టైరిన్‌ది గిగాపాస్కళ్లలో ఉంటుంది. పైగా నాడి కొట్టుకోదు.

రెండో పాసేజ్‌లోనే ఎక్కువ వయల్స్ ఫ్రీజ్ చేసి, ప్రయోగాలు 3–5 మధ్య ముగించండి. చదరపు సెంటీమీటరుకు సుమారు 10,000 కణాలు వేయండి; పలచగా వేస్తే విభజనకే మొగ్గుతాయి. ఫ్లాస్కు నిండాక సీరం 0.5 శాతానికి తగ్గించి 48 గంటలు ఉంచండి. పూర్తిగా సున్నా చేస్తే పొరలు పొరలుగా లేచిపోవచ్చు. అడుగున లామినిన్ అనే ప్రోటీన్ పూత సంకోచ గుణాన్ని నిలుపుతుంది, ఫైబ్రోనెక్టిన్ అనే ఇంకో ప్రోటీన్ దానికి ఎదురు పనిచేస్తుంది. మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల టీజీఎఫ్ బీటా అనే వృద్ధి కారకంతో ఆల్ఫా యాక్టిన్ పెరుగుతుంది గానీ, మీ ప్రశ్నే టీజీఎఫ్ గురించైతే దాన్ని ముట్టుకోకండి.

ఆల్ఫా యాక్టిన్ ఒక్కటే సాక్ష్యం కాదు, గాయం మాన్పే మయోఫైబ్రోబ్లాస్టు కణాల్లోనూ ఉంటుంది. నునుపు కండర మయోసిన్ హెవీ చైన్ అనే ప్రోటీన్ కూడా చూడండి. సగం నిండిన ఫ్లాస్కును, నిండిన దాన్ని పక్కపక్కన బ్లాట్ (ప్రోటీన్ ఎంతుందో చూపే పరీక్ష) చేసి పోల్చడం తరచూ కనిపించే పొరపాటు. ఎనిమిదో పాసేజ్‌వి పారేయండి. వాటిని వెనక్కి తేవడానికి పెట్టే శ్రమ వృథా.

ఇక చెన్నై సంగతి. ముందు సీరం లాట్ (తయారీ విడత) నంబరు, తర్వాత పాసేజ్, వేసిన కణాల సంఖ్య సరిపోల్చండి. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పీడనం సముద్రమట్టంలో 90 శాతమే. ఇంక్యుబేటర్ 5 శాతం అని చూపినా కార్బన్ డయాక్సైడ్ పీడనం పదో వంతు తక్కువ, అందుకే మీడియం పీహెచ్ దాదాపు 0.05 పైకి పోతుంది. మీ కణాలు మారడానికి ఇది చాలదు. కాల్షియం, సంకోచం కొలిచేవాళ్లు మాత్రం మీడియాన్ని ఒక రాత్రి ఇంక్యుబేటర్‌లో ఉంచి, బయటికి తీసిన వెంటనే పీహెచ్ చూసి, అవసరమైతే 5.5 శాతానికి పెంచుకోవాలి.