రెండు రోజుల వర్క్‌షాప్‌ను ఆన్‌లైన్ కోర్సుగా మార్చాలంటే...

ప్రశ్న: కాకినాడలో బీటెక్ చివరి ఏడాది చదువుతున్నాను. మా ఇన్నోవేషన్ క్లబ్ తరఫున జూనియర్లకు రెండు రోజుల డిజైన్ థింకింగ్ (వాడేవాళ్ల అవసరం తెలుసుకుని దానికి పరిష్కారం తయారుచేసే పద్ధతి) వర్క్‌షాప్ నడుపుతున్నాం. దాన్ని ఆన్‌లైన్ కోర్సుగా మార్చి వేరే కాలేజీలకూ ఇవ్వమని మా సార్ అంటున్నారు. వీడియోలు తీసి పెడితే సరిపోతుందా? ఈ పని రేపు ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: వీడియోలు మాత్రమే అయితే సరిపోవు. మీ వర్క్‌షాప్‌లో మీరు మాట్లాడేది ఎంతసేపు, జూనియర్లు చేతులతో పనిచేసేది ఎంతసేపు? వీడియోలోకి ఎక్కేది మీ మాటలే, అసలు పని బయటే ఉండిపోతుంది. అందుకని మాటలు తగ్గించి, రెండు రోజుల పనిని నాలుగైదు వారాలకు పరచండి.

మీరు బహుశా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని డీ-స్కూల్ చెప్పే ఎంపతైజ్ (ఎదుటివారి ఇబ్బంది అర్థం చేసుకోవడం), డిఫైన్ (సమస్యను తేల్చుకోవడం), ఐడియేట్ (ఆలోచనలు పుట్టించడం), ప్రోటోటైప్ (నమూనా చేయడం), టెస్ట్ (వాడించి చూడటం) అనే ఐదు దశలే వాడుతుంటారు. వీటిలో మొదటిది వర్క్‌షాపుల్లో చాలావరకు నటనే. హాల్లో పక్కన కూర్చున్న స్నేహితుణ్నే ‘యూజర్’ అనుకుని నాలుగు ప్రశ్నలు అడిగి కానిచ్చేస్తారు. ఆన్‌లైన్‌లో ఆ అవస్థ లేదు. రెండు క్లాసుల మధ్య వారం రోజులుంటాయి కదా, పిల్లల్ని బయటికి పంపండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో లగేజీతో నిలబడ్డ పెద్దావిడతోనో, రైతుబజారులో కూరగాయలు అమ్మే ఆయనతోనో మాట్లాడి రమ్మనండి. ‘మీకు యాప్ కావాలా’ అని అడగొద్దని ముందే చెప్పండి. ‘నిన్న ఏం జరిగింది, అప్పుడు మీరేం చేశారు’ అని అడగాలి. ఎదుటివారు అన్న మాటలు అన్నట్టే నోట్‌బుక్‌లో రాసి, ఫొటో తీసి పంపితే చాలు. ఫొటోగానీ రికార్డింగ్‌గానీ కావాలంటే వాళ్ల అనుమతి తప్పనిసరి. ఈ ఒక్క దశ బాగా కుదిరితే మీ కోర్సు వర్క్‌షాప్ కన్నా మెరుగ్గా ఉంటుందని నా నమ్మకం.

ఆన్‌లైన్‌లో తేలిపోయేది ఐడియేషన్. కెమెరాలు ఆపేసి అందరూ మౌనవ్రతం పడతారు. అందుకే నేరుగా చర్చ పెట్టకండి. కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి, 8 నిమిషాల్లో 8 ఆలోచనలు గీయమనండి. ఆ తర్వాతే నలుగురేసి చొప్పున బ్రేకవుట్ రూముల్లోకి (వీడియో కాల్‌లోనే విడి గదుల్లోకి) పంపండి. చేతిలో కాగితం ఉంటే మాట దానంతటదే వస్తుంది. మిరో, ఫిగ్‌జామ్ లాంటి ఆన్‌లైన్ వైట్‌బోర్డుల మోజులో పడకండి. మీ విద్యార్థుల్లో చాలామంది ఫోన్‌లోనే చేరతారు, ఆ చిన్న తెర మీద స్టికీ నోట్ జరపడం నరకం. వాట్సాప్ గ్రూపు, ఒక షేర్డ్ స్లైడ్ ఉంటే పని నడుస్తుంది.

ప్రోటోటైప్‌కు ఇంట్లో ఉన్న అట్టముక్క, దారం, పాత డబ్బాలు చాలు. టెస్ట్ చేసేటప్పుడు తయారుచేసినవాళ్లు మైకు మ్యూట్‌లో పెట్టుకోవాలి, వివరణలు ఇవ్వకూడదు.

వీడియోలు తప్పనిసరైన చోట ఐఐటీ బాంబే వాళ్ల ఎల్‌సీఎం (లెర్నర్ సెంట్రిక్ మూక్, అంటే నేర్చుకునేవారి చుట్టూ అల్లిన ఆన్‌లైన్ కోర్సు) పద్ధతి చూడండి. వీడియో మధ్యలో ఆగి ప్రశ్న వేస్తుంది. విద్యార్థి ఆలోచించి రాసుకున్నాకే పాఠం ముందుకు సాగుతుంది. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ వాళ్ల డిజైన్ థింకింగ్ కోర్సు కూడా ఉంది. విద్యార్థిగా చేరి, మీకు ఎక్కడ విసుగొచ్చిందో గుర్తుపెట్టుకోండి. బ్యాచ్‌లో పాతికమందికి మించకుండా చూసుకుని, దానికి ముందు ఐదుగురితో ఒకసారి నడిపి చూడండి.

ఇక ఉద్యోగం. మీరు చేయబోయే పనిని ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటారు. ఎడ్‌టెక్ సంస్థల్లో, పెద్ద కంపెనీల శిక్షణ విభాగాల్లో ఈ పనికి మనుషులు కావాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన పనుల ఫైలు) ఎక్కువ మాట్లాడుతుంది. పాత వర్క్‌షాప్ షెడ్యూలు, కొత్త కోర్సు ప్రణాళిక పక్కపక్కన పెట్టి, ఏది తీసేశారో, ఎందుకు తీసేశారో రాయండి. విద్యార్థులు మధ్యలో మానేసిన చోటునూ దాచకండి, దాన్ని ఎలా సరిచేశారో చూపండి.

పైచదువు ఆలోచన ఉంటే డిజైన్‌లో పీజీ, ఎం.డిజైన్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఐఐటీల్లో ఈ కోర్సు ప్రవేశానికి సీడ్ (CEED) పరీక్ష రాయాలి. దాన్ని ఐఐటీ బాంబే ఏటా జనవరిలో నిర్వహిస్తుంది. పార్ట్-బీలో డ్రాయింగ్ ఉంటుంది కాబట్టి బొమ్మలు గీయడం ఇప్పటినుంచే మొదలుపెట్టండి.